స్టిక్కర్ హెడ్‌లైట్లు

షీలానగర్ దాటాక, ఉప్పుటేరు పక్క మైదానం.
మూడు వందల టిక్కెట్టు, చేతికి కాగితం కడియం.
పైడినాయుడు తన కడియాన్ని తిప్పి తిప్పి చూసుకున్నాడు:
"ఆస్పత్రిలో జాయినైపోనట్టుందిరా."

రేసుకి ముందు కార్లని ముట్టుకోనిచ్చారు, అదొక్కటి నయం.
ముట్టుకుంటేనే తెలిసింది
హెడ్‌లైట్లు లేవు.
హెడ్‌లైట్ల బొమ్మలు అంటించారు.
అద్దం మీది మెరుపు కూడా బొమ్మలోనే ఉంది.

మా రోజుల్లో నిజం లైట్లు.
విప్పి, గోనెసంచిలో చుట్టి
నా ఒళ్ళో పెట్టేవాడు డెస్మండ్,
రైల్వే క్వార్టర్స్ డెస్మండ్, డీజిల్ షెడ్డు ఫిట్టరు.
"పగిలితే రేపట్నుంచి నైట్ డ్యూటీకి గుడ్డిగా పోవాలి" అనేవాడు.
ఆ రెండు గాజు కళ్ళూ ఒళ్ళో పెట్టుకుని
రేసంతా నేను చూసేవాణ్ణి.
కారు గుడ్డిదై తిరిగేది.

శనివారం రాత్రి పెళ్ళికూతుర్ని సింహాచలంలో దింపిన టాక్సీయే
ఆదివారం పొద్దున్న ఏడో నెంబరు.
వెనక సీటు పీకితే బంతిపూల రేకులు రాలేవి.
తలుపు మీద సున్నంతో రాసిన అంకె
చినుకు పడితే కారిపోయేది.
అయినా మోత విని చెప్పేవాళ్ళం:
అదిగో కంచరపాలెం ఫియట్టు, సైలెన్సరుకి చిల్లు.
అదిగో గాజువాక అంబాసిడర్, మూడో గేరు ఏడుస్తోంది.

ఇప్పుడు ఇరవై నాలుగూ ఒకే అచ్చు.
ఒంటి నిండా సిమెంటు కంపెనీ, ఫోన్ల కంపెనీ,
రొయ్యల మేత కంపెనీ.
సగంలో రేసు ఆపేస్తారు,
అంతవరకూ ముందున్నవాడికి పాయింట్లివ్వాలట.
"పెళ్ళి మధ్యలో ఆపి
ఏసిన ముడికేసినంత కట్నాలు చదివిస్తారేటి?"
పైడినాయుడు, ముంత మిక్చరు నములుతూ.
ఎనభై రూపాయలది. అందులో ముంత లేదు.

నేనూ నవ్వాను. నిజానికి
ఆ పెద్ద తెర నాకు నచ్చింది. వాడికి చెప్పలేదు.
అప్పట్లో పోర్టు వైపు గాలి తిరిగితే
ఖనిజం దుమ్ము ఎర్రగా కమ్మేసి
ముందొచ్చేది కారో గేదో తెలిసేది కాదు.
ఎవడు గెలిచాడన్నది
రాత్రి కల్లు దుకాణం మూసేదాకా తగువే.

ముప్పై ఒకటో చుట్టు.
అనకాపల్లి కుర్రాడట, తెర మీద పేరు చదివేలోపు
గోడకి కొట్టుకుని మూడు పల్టీలు.

పైడినాయుడు నా మోచెయ్యి పట్టుకున్నాడు.
ఇద్దరం ఒకే మలుపు చూస్తున్నాం,
ఈ మలుపు కాదు.
అక్కడ గోడ లేదు, రెండు తాటిదుంగలు.
బెల్టంటే మాకు ప్యాంటు బెల్టే.
డెస్మండ్ ఆ దుమ్ములోకి వెళ్ళాడు.
దుమ్ము తేలిపోయింది.
నా ఒళ్ళో గోనెసంచి అలాగే ఉంది,
ఎవరికివ్వాలో ఎవరూ చెప్పలేదు.

కిటికీకున్న వల ఊడింది.
ముందు ఓ చెయ్యి. తర్వాత హెల్మెట్. తర్వాత
మొత్తం కుర్రాడు, తన కాళ్ళ మీద తను.
గ్లౌజులు పీకి నేలకి కొట్టాడు,
ఓడిపోయానని!
అంత ముద్దొచ్చే కోపం నేనెక్కడా చూడలేదు.

చాలాసేపటికి పైడినాయుడు గొంతు సవరించుకుని
"బొమ్మ లైట్లు. పగల్లేదు చూడు" అన్నాడు.

తిరుగు బస్సులో మళ్ళీ మొదలు:
టిక్కెట్టు, కడియం, పాయింట్లు, మోతలో తేడా లేని ఇంజన్లు.
నేనూ తోడందుకున్నాను.
ఎన్‌ఏడీ కొత్తరోడ్డు దాకా తిట్టాం, తృప్తిగా.
మెట్టు మీద ఓ కాలుంచి వాడడిగాడు:
"మళ్ళీ ఎప్పుడంట?"

అటక మీంచి సంచి దింపాను.
ఒకదాని అంచున తుప్పు. గాజు బాగానే ఉంది.
పాత బనీనుతో తుడుస్తుంటే
మణికట్టు మీది కాగితం అద్దంలో కనిపించింది.
కత్తిరించాలి.
రేపు.