దత్తత

మా రేగులబండను
ఎంపీ సారు దత్తత తీసుకున్నడని
పరకాల నుంచి ఫోనొచ్చిన పొద్దు
పంచాయతి ఆఫీసుల కూసోని
నల్లా బిల్లుల రసీదులు కుడుతున్న.
కారోబారును గద,
ఊరికి ఏమొచ్చినా
ముందుగాల నా చేతుల కాయితమైతది.

ఇరవై రెండు పేజీల ఫారం.
ఎన్ని ఇండ్లు, ఎన్ని బోర్లు,
ఎన్ని పాయఖానలు,
అందుల ఎన్నిట్ల కట్టెలు పేర్చుకున్నరు?
ఆఖరిది ఫారం అడుగలే,
నేనే అడిగిన.

ఓదెమ్మ గడపల కూసోని బీడీలు చుడుతుంది.
తునికాకు మీది కత్తెర ఆపకుంటనే అన్నది:
"దత్తతంటే ఏందో నాకెరుకే కారోబారూ.
మా చెల్లె కొడుకును మూడో నెలల తెచ్చుకున్న.
ఏ దిక్కు తలపెడితే నిద్రపోతడో
ఎవ్వలి కోసం ఏడుస్తుండో
ఒక్కొక్క రాత్రి కాచుకుంట నేర్చుకున్న.
ఆర్నెల్లకు గాని
వాడు నా వాసన పట్టలే.
మరి మీ సారు
ఏ రాత్రి వస్తడు, మా ఊర్ల పండుకోను?"

ఆ మాట రాసుకోను ఫారంల గడి లేదు.

"ఊరి ముఖ్య అవసరం" అన్నకాడ
ఏం రాయాలె అవ్వా అంటే
బస్సు, అన్నది.
రోడ్డు మీద పోతనే ఉన్నది గదా.
"రోడ్డు మీద కాదు బిడ్డా.
రెండు కిలోమీటర్లు లోపటికొచ్చి
మన బొడ్రాయి కాడ తిరగాలె.
బీడీల గంప నెత్తిన పెట్టుకొని
ఈ మోకాళ్లతోని ఎన్నేండ్లు నడుస్త?"
అట్లనే రాసిన,
బస్సు ఊర్లకు రావాలె, తిరగాలె.
మండలంల కంప్యూటరు పిలగాడు
టక్కటక్క కొట్టిండు:
రవాణా సౌకర్యం కలదు.

గ్రామసభ నాడు
నిజంగనే రెండు బస్సులొచ్చినయ్.
బొడ్రాయి కాడ తిరిగినయ్ గూడ.
పక్క ఊర్ల మనుషులను దించి
చింతల వరుసల నీడకు ఆగినయ్.
ఓదెమ్మ పోయి ఎక్కి కూసున్నది.
మీటింగు బస్సమ్మా, ఎటూ పోదు, అన్నడు డ్రైవరు.
ఎరుకే నాయనా, అన్నది.
"ఇది నా ఊరు, మీరంత నా కుటుంబం"
మైకుల సారు గొంతు వినుకుంట
సభ ఒడిసేదాంక
కిటికీ పక్క సీట్ల కూసోని
ఆగిన బస్సుల ఆమె
ఎంత దూరం పోయిందో.

అబద్ధమాడితే కండ్లు పోతయ్.
వచ్చినయ్ ఉన్నయ్.
బడిదాంక సీసీ రోడ్డు,
ముప్పై ఆరు స్తంభాలకు తెల్ల బుగ్గలు,
పోచమ్మ వాడ పొంటి మోరీ.
ఆ మోరీ నీళ్లు ఎటు పోవాల్నో
ప్లానుల లేకపోతే
పోయి మల్లారెడ్డి మడిల పడుతున్నయ్,
ఆయన ఇప్పటికి నాతోని మాట్లాడడు.
ఊరి మొగదల ఇనుప కమాను.
పెయింటరు దీర్ఘం మర్చిపోయి
"అదర్శ గ్రామం" అని రాసిండు.
దిద్దిస్తనంటే బడిపంతులు నవ్విండు:
ఉండనీయ్ కారోబారూ,
అదర్శనమంటే కనబడకపోవుడే.

మొన్న మల్ల ఫోను.
ఈసారికి వేరే ఊరట,
వంతు ప్రకారం.
పాత ఫైలు పంపుమన్నరు, మూస కోసం.
ఓదెమ్మకు చెప్తే
ఆకు కత్తిరించుకుంటనే అన్నది:
"ఆ ఊరోళ్లకు చెప్పు,
ఫారంల బస్సు గురించి జర పెద్దక్షరాలతోని రాయుమని."

డిపో మేనేజరుకు
నెలకొక దరఖాస్తు పెడుతనే ఉన్న.
ముప్పై ఒకటైనయ్.
అందినట్టు ముద్ర ఉన్నది అన్నిటి మీద.

పొద్దుగూకినంక
కార్ఖానకు బీడీలప్పజెప్ప పోతది ఆమె.
లైట్లు మంచిగనే వెలుగుతయ్,
ఆమె ఎట్ల కుంటుతుందో
ఇప్పుడు ఊరందరికి సక్కగ కనబడతది.
నీడ ముందట పడతది, ఎనుకకొస్తది,
మల్ల ముందట పడతది.
ముప్పై ఆరో స్తంభం కాడ
నీడ ఆగిపోతది.
ఆమె పోతది.