ఈర్ల లెక్క

కూర్చో త్సెర్మా, పిడకల పొయ్యికి వీపు పెట్టి కూర్చో.
జడ విప్పు. భయపడకు, కత్తెర నా దగ్గర లేదు,
సొరుగులో పెట్టి తాళంచెవి వంటామెకిచ్చేశాను.
బయట సున్నాకి ముప్పై రెండు డిగ్రీలు కింద.
తాడు మీద మీ పద్దెనిమిది మంది టోపీలు, దిండు గలీబులు
గోబీ గాలికి ఎండుచేపల్లా బిగుసుకుపోయాయి.
ఈ రాత్రికి చలే మన చాకలి.

మురికిపిల్లవని ఎవరన్నారు?
ఆ తుమెన్‌బాయరేనా? రేపు వాడి తలా చూస్తాను.
పేనుకి సబ్బు వాసన తెలీదు,
మీ నాన్న మందలో ఎన్ని గొర్రెలో తెలీదు.
దానికి రెక్కల్లేవు, గెంతడం రాదు.
ఒకే మంచం మీద రెండు తలలు
ఒకే ఫోనులోకి తొంగిచూస్తుంటే
ఆ వెంట్రుక మీంచి ఈ వెంట్రుక మీదికి
తీరిగ్గా నడిచొస్తుంది, అంతే.

నా చిన్నప్పుడు, ఇదే హాస్టల్లో,
తలకి కిరసనాయిలు గుడ్డ చుట్టి పడుకోబెట్టారు.
నెత్తంతా బొబ్బలు. పేలు మళ్లీ వచ్చాయి.
అప్పుడు గుండు.
సెలవులకి వెళ్తే మా అమ్మ
నన్ను దాటి లారీలోకి చూసింది, నాకోసం.

కదలకు.
ఈ కండిషనర్ నాదే, సగం సీసా ఉంది.
తడిజుట్టుకి దట్టంగా పట్టిస్తే పేను కాళ్లాడవు.
చెవి వెనక నుంచి, మెడ గుంట నుంచి,
చర్మానికి ఆనించి కొసదాకా ఒక్క దువ్వు.
దువ్వెన తెల్లగుడ్డకి తుడువు. మళ్లీ.
అదిగో, నువ్వుగింజకి కాళ్లొచ్చినట్టు.
ఇవి ఈర్లు. చుండ్రయితే ఊదితే రాలేది,
ఇవి అప్పులవాళ్లలా పట్టుకుంటాయి,
గోళ్లతో లాగాలి.

ఇవాళ దొరికినవి పోతాయి.
మిగిలిన ఈర్లు వారం, పది రోజుల్లో పిల్లలవుతాయి.
ఒక్కపూట దువ్వి గెలిచామనుకుంటే
పేనుకి పెత్తనమిచ్చినట్టే.
నాలుగు రోజులకోసారి, రెండు వారాలు.
గోడ మీద సుద్దగీతలు అందుకే.
తెల్లమాసానికి నువ్వు గెర్ తలుపు తీయగానే
మీ అమ్మ నీ నెత్తి వాసన చూసి ముద్దాడుతుంది,
చంకలో చెల్లెలి తల పక్కనే ఉంటుంది.
గీతలన్నీ అప్పటికి పూర్తి కావాలి.
అయినా చెప్పు అమ్మకి, సిగ్గుపడకుండా,
తన తలా ఓసారి దువ్వుకొమ్మని.

ఇంతసేపూ నోరు మెదపని పిల్ల
తడిజుట్టు పిండుకుంటూ అంది:
"మీ తల ఎవరు చూస్తారు, సెవ్‌జిద్ అక్కా?"

ముప్పయ్యేళ్లుగా ఈ గదిలో తలలు చూస్తున్నాను.
నా నెత్తి మీద ఇంకొకరి వేళ్లు
ఎప్పుడు పడ్డాయో గుర్తులేదు.
జడ విప్పి, ముసలి మోకాళ్లు మడిచి
ఆ పిల్ల ముందు కూర్చున్నాను.
పాయ తర్వాత పాయ. పొయ్యిలో పిడక విరిగింది.
చల్లటి వేళ్లు చెవి వెనక ఆగాయి.

"అక్కా, ఒకటుంది."

నవ్వాగలేదు నాకు.
సుద్ద అందుకో త్సెర్మా,
నీ వరస కింద ఇంకో వరస మొదలుపెట్టు.