సిస్టర్ అంటే

ఎడమ భుజం కింద నల్ల బిళ్ల.
దాని మీద తెల్లక్షరాల్లో సిస్టర్, ఆ కింద మా ఇంటిపేరు.
చిత్తూరులో ఆ మాటకి ఒకటే అర్థం.

సంతపేట సందులో, వచ్చిన మొదటి వారమే,
అరుగు మీద చింతపండు కొడుతున్న అవ్వ
రాయి పక్కన పెట్టి చెయ్యి చాపింది:
"వేలూరాసుపత్రోళ్లా? బీపీ చూడు మే,
నిన్నట్నించి తల తిరగతా ఉండాది."

నేనేమో కాకినాడ దాన్ని,
'అండీ' లేకుండా నోరు తెరవడం చేతకాని దాన్ని.
"నర్సులం కాదండీ అవ్వగారూ, మమ్మల్ని మోర్మన్లంటారండీ."
"ఎవురంటారు?" అంది.
శిక్షణలో చాలా ప్రశ్నలకి జవాబులు నేర్పారు,
దీనికి తప్ప.

నా జోడీ సిస్టర్ సెల్వమణిది కోయంబత్తూరు.
ఆమె కనుచూపు దాటి నేను, నా కనుచూపు దాటి ఆమె
ఉండకూడదని నియమం.
ఏడవాలంటే స్నానాలగది ఒక్కటే,
అదీ కుళాయి విప్పి.
బకెట్టు నిండి పొర్లినా ఆమె తలుపు తట్టేది కాదు.
బయటికొస్తే నా గిన్నెలు కూడా కడిగేసి ఉండేవి.

జూన్‌లో గుజ్జు ఫ్యాక్టరీల ముందు
తోతాపురి లారీల బారు, ఊరంతా పులిసిన తీపి.
గ్రీమ్స్‌పేటలో రమ్మన్నాయన ఇల్లు మారిపోయాడు.
దుర్గానగర్‌లో రమ్మన్నావిడ
మేం మెట్లెక్కే చప్పుడుకి టీవీ ఆపేసింది.
కిటికీలోంచి పిల్లాడు:
"అమ్మ ఇంట్లో లేదని చెప్పమనింది!"
ఆ మెట్ల మీదే కూలబడి నవ్వాం,
కడుపు నొప్పెట్టేదాకా, నా చెప్పు తెగిందని చూసుకునేదాకా.
ఆ నవ్వుని ఎవరికైనా ఉత్తరంలో రాయబోతే రాలేదు.

చెంగమ్మవ్వ టీ పెట్టింది.
తాగమన్నాం.
పోనీ కాఫీ?
అదీ తాగం.
"మీ సామికి టీ ఏం అపకారం చేసినాది మే?"
నా దగ్గర వాక్యం ఉంది, అప్పజెప్పాను.
ఆమె చివరంటా విని, రెండు గ్లాసులూ తనే తాగి
"సరే, ఉత్త చేతుల్తో మాత్రం కూసోవద్దండి" అని
రెండు రాళ్లు మా ముందుకి తోసింది.

అప్పట్నించి మంగళవారాలు చింతపండు.
కిలోకింతని ఆమెకి కూలి, మాకు రాగి అంబలి.
పిక్క చిట్లకుండా ఊడి రావాలంటే
ఎక్కడ కొట్టాలో చూపించింది.
ఎక్కడ కొట్టకూడదో నా బొటనవేలు చూపించింది.
నీలం అట్ట పుస్తకం ఒకసారి తీసి బొమ్మలు చూసింది,
"గడ్డమాయప్ప కళ్లు బాగుండాయి" అని మూసేసింది.
ఆపైన అది సంచిలోనే, గుమ్మం దగ్గర, మా చెప్పుల పక్కన.

సెప్టెంబరులో ఆమె కాళ్లకి నీరొచ్చింది.
ఆరున్నర బస్సులో వేలూరు.
అరవంలో పిలిచే నంబర్లు సెల్వమణి వినేది,
అవ్వ మోచెయ్యి నేను పట్టుకునేదాన్ని.
గంటలు గడిచాయి. ఫినాయిలు వాసన, ఎవరిదో పసిబిడ్డ ఏడుపు.
తెల్ల దుస్తుల నిజం నర్సు ఒకామె
నా బిళ్ల చూసి ఆగింది: "ఏ వార్డు, సిస్టర్?"
నేను నోరు తెరిచేలోపే
అవ్వ చెప్పింది:
"ఈ పాపకి ఏమీ రాదులే. నాకు తోడొచ్చుండాది."

సోమవారం ఫోనులో నాన్న అడిగారు,
ఎంతమంది చేరారమ్మా అని.
చింతపండు ధర పెరిగింది నాన్నా, అన్నాను.
ఆయన కాసేపు ఏమీ మాట్లాడలేదు.
తర్వాత, కిలో ఎంత, అన్నారు.

ఆ రాత్రి మోకాళ్ల మీద చేతులు జోడిస్తే
వేళ్ల సందుల్లో ఇంకా పులుపు వాసన.
నేర్చుకున్న మాటలు వరసగా వచ్చి నిలబడ్డాయి.
ఒక్కటీ పలకబుద్ధి కాలేదు.
ఏమీ రాదు తండ్రీ, అన్నాను,
తోడొచ్చాను.
ఇంకా ఏదో అడగాలనుకున్నాను,
సెల్వమణి లైటు తీసేసింది.