పదమూడో ఎక్కం

పోర్టులో నా క్రేన్ కేబిన్
నేల మీంచి నలభై మీటర్లు.
లిఫ్టులో నిలబడి ఒక ఆవులింత తీసేలోగా చేరిపోతాను.
పదమూడేళ్ళుగా
ఎత్తంటే నాకు ఒక మీట నొక్కడమే.

డాక్టరు రక్తపరీక్ష కాగితం చూసి పెదవి విరిచాక
చిట్టీ పాడి కొన్న సైకిలు ఇది.
బీచిరోడ్డు మీద బాగానే పోయింది.
ఉప్పుగాలి వీపు తట్టినంతసేపూ
నేనూ రేసుగాణ్ణే,
ఒక ఆదివారం సింధియా దాటి
యారాడ ఘాట్ మొదలయ్యేదాకా.

మొదటి మలుపు నవ్వుతూ ఎక్కాను.
రెండోది పళ్ళు బిగించి.
మూడో మలుపులో
గుండె చెవుల్లోకొచ్చి కూర్చుంది.
దిగి, గొలుసు చూస్తున్నట్టు వంగాను.
గొలుసుకేం కాలేదు.
చేపల తట్ట కట్టుకున్న మోపెడ్ ఆపి
"ఏటి బాబూ, గాలి పోనాదేటి?" అంది ఒకామె.
"పోయిందమ్మా" అన్నాను.
ఎందులోంచో చెప్పలేదు.

బొడ్డేపల్లి కస్తూరి మల్కాపురంలో బ్యాంకు క్యాషియరు.
నాకన్నా ఆరేళ్ళు పెద్ద.
నోట్లు లెక్కపెట్టినట్టే తొక్కుతుంది,
ఒకటే వేగం, ఎక్కడా తడబడదు.
"కొండ దగ్గర అప్పు చెయ్యకు" అంది మొదటిరోజే.
"కింద దుబారా చేసిన ప్రతి ఊపిరికీ
పైన వడ్డీ కడతావు.
ఎక్కం చెబుతూ ఎక్కు.
నోరు తిరిగినంతసేపూ నీ వేగం న్యాయమైందే.
రెండోది కాదు, పదమూడోది."
"ఎక్కం అంటేనే ఎక్కలేమని కదా మేడమ్" అన్నాను.
నవ్వలేదు.

మంగళవారం మూడుసార్లు పైకీ కిందికీ.
గురువారం బరువు గేరులో, సీటు వదలకుండా,
మోకాళ్ళు గానుగెద్దుల్లా.
పొద్దున్నే చోడి అంబలి.
శనివారం ఏమీ లేదు.
ఏమీ చెయ్యకపోవడమూ సాధనేనట,
అదొక్కటీ నాకు తొందరగా పట్టుబడింది.

పదమూడొకట్ల పదమూడు,
పదమూడ్రెళ్ళ ఇరవయ్యారు,
టైరు కింద చిట్లే కంకర,
జీడిమామిడి పూత వాసన,
దిగుతున్న ఆటో బ్రేకు కాలిన వాసన,
పదమూడైదుల అరవయ్యైదు,
చెమట కంట్లోకి దిగి మంట,
పదమూడార్ల డెబ్భై... డెబ్భై...
డెబ్భై ఎనిమిది.
పదమూడేళ్ళ
దగ్గర తెగిపోయేది.
రోజూ అక్కడే, ఆరో మలుపులో,
ముళ్ళకంచె పక్కన.
పదమూడేళ్ళ...
అద్దాల గదిలో కూర్చుని
ఎవరి పెట్టెల్నో ఎవరి ఓడలోకో దించిన
పదమూడేళ్ళ...
జవాబు నోటికి రాదు.

నాలుగు కిలోలు తగ్గాను.
మేనకోడలి పెళ్ళిలో రెండు తిరిగొచ్చాయి.
వానలో జారి మోచెయ్యి గీరుకుపోయి
ఓ వారం మానేశాను.
ఏమని ఎవరూ అడగలేదు, కస్తూరితో సహా.
కొండ మాత్రం పద్దు రాసుకుంది.
మళ్ళీ వెళితే నాలుగో మలుపులోనే
వసూలు చేసింది.

ఇవాళ ఎందుకో తొందరపడలేదు.
ఆమె ముందుకి పోతే పోనిచ్చాను.
ముందు చక్రానికి మూరెడు అవతలిదాకా
ఆ కాస్త రోడ్డే నాది.
కంచె ఎప్పుడొచ్చిందో, ఎప్పుడు వెనకబడిందో.
పదమూడేళ్ళ తొంభై ఒకటి.
పక్కన ఎవరో అన్నట్టు వినపడింది.
పదమూడెనిమిదుల నూటనాలుగు.
గేరు మార్చలేదు, లేచి నిలబడలేదు.
నూటముప్ఫై అనేసరికి
పెడళ్ళు ఉన్నట్టుండి తేలికయ్యాయి.
ఇక ఎక్కడానికి రోడ్డు లేదు.

ఒక పక్క యారాడ సముద్రం.
ఇంకో పక్క హార్బరు, అందులో నా క్రేను,
అగ్గిపుల్లలతో కట్టినట్టు.
కేబిన్లో రాత్రి షిఫ్టు దేముడు ఉండుంటాడు,
దిగబోయే ముందు టీ ఫ్లాస్కు వెతుక్కుంటూ.
చెయ్యి ఊపాను.
పై నుంచి చూస్తే
అది పెద్ద ఎత్తేం కాదు.

కస్తూరి నీళ్ళ సీసా అందించింది.
"ఎందాకా వచ్చింది?"
"మొత్తం."
"అయితే గురువారం నుంచి పదిహేడోది" అంది
హెల్మెట్ పట్టీ బిగించుకుంటూ.