ఆరు ఎక్స్‌లు

నాలుగింటికి చేపల వేలం.
రెండున్నరకే సర్వర్ మొండికేసింది,
డిస్కులో చోటు లేదట.
క్లాక్స్‌విక్ రేవు మీద వాన అడ్డంగా కురుస్తోంది,
ఈ దీవుల్లో అది నిలువుగా పడగా నేనెప్పుడూ చూడలేదు.
తడి మేజోళ్లు హీటర్ మీద ఆరేసి
టెంప్ ఫోల్డర్ తలుపు తీశాను.

పదకొండేళ్ల ఎంగిలి.
లక్షా నలభై వేల ఫైళ్లు.
రోజూ రాత్రి వచ్చి, తిని,
విస్తరి ఎత్తకుండా లేచిపోయిన
ఒకే ఒక్క స్క్రిప్టు.

రాసింది హానుస్.
నాకీ పని నేర్పినవాడు.
కాఫీలో రవ్వంత ఉప్పు వేసుకునేవాడు.
చూపు మందగించి పోయిన వసంతంలో ఉద్యోగం మాని
ఇప్పుడు కొండవాలున గొర్రెల్ని లెక్కపెట్టుకుంటున్నాడు,
ఒక్కోసారి రెండుసార్లు.

మొదట్లో ఆ ఫైలుకి ఎప్పుడూ ఒకే పేరు: వేట.
ఒక రాత్రి రెండు పడవలు కలిసి ఒడ్డుకొచ్చాయి,
రెండు లెక్కలు ఒకే కంచంలో చెయ్యి పెట్టాయి.
ఎయిడ్‌ఫిన్ పట్టిన కాడ్ చేపలన్నీ
తోర్మోడ్ ఖాతాలో పడ్డాయి.
డబ్బు మర్నాడే సర్దారు.
మాటలు సర్దుకోడానికి మూడేళ్లు పట్టింది,
అదీ ఎవరి పెళ్లిలోనో, గొలుసు నాట్యంలో,
పక్కపక్కన పడి చేతులు కలపక తప్పక.

అప్పట్నుంచీ పేరు చివర ఆరు ఎక్స్‌లు.
వాటి చోట యంత్రం తోచిన ఆరు అక్షరాలు పోస్తుంది.
ప్రతిసారీ కొత్త పేరు,
లోకంలో ఇంకెవరూ పెట్టుకోనిది,
పక్కవాడు తొంగి చూడలేనిది.
పురుడు బాగానే పోశాడు ముసలాయన,
పాడె కట్టడమే మరిచిపోయాడు
అని నవ్వుకుంటూ కిందికి దిగుతుంటే

అడుగున, తుడిచే ఆజ్ఞ ఒకటి.
ముందు కామెంటు గుర్తు పెట్టి దాని నోరు కట్టేశాడు.
పక్కన రెండు వాక్యాలు, తేదీతో:
పేరు ఖాళీగా ఉన్నప్పుడు చీపురు పట్టకు.
ఒకసారి పట్టాను, ఇల్లే ఊడ్చేశాను.

మరిచిపోలేదన్నమాట.
భయపడ్డాడు.
పదకొండేళ్లు చెత్తలో కూర్చోడానికైనా సిద్ధపడ్డాడు గానీ
మళ్లీ చీపురు ముట్టలేదు.
నా నవ్వు గొంతులోనే చల్లారింది.

ముందు ఒక కాపలా పెట్టాను:
పేరు లేకపోతే అక్కడే ఆగిపో, చెయ్యెత్తకు.
తర్వాత, ఫైలు పుట్టిన మరుసటి వరుసలోనే,
ట్రాప్.
పనంతా ముగించి పోతావో,
సగంలో తప్పు చేసి తూలి పడతావో,
ఎవరో కంట్రోల్ సీ నొక్కితే ఉలిక్కిపడి పరిగెడతావో,
ఎలా పోయినా సరే,
గడప దాటేముందు
నీ గిన్నె నువ్వే కడిగి బోర్లించు.

ఒక్క చావుకి ట్రాప్ లేదు.
తొమ్మిదో నంబరుది, కరెంటు పోయినప్పటిది.
చివరి మాటకి కూడా వ్యవధి ఇవ్వదు.
ఆ అనాథల కోసం వారానికోసారి
వేరే చీపురు వస్తుంది,
ముప్పై రోజులు దాటినవాటినే ముడుతుంది.

పాతవి తుడిచేముందు ఒకటి తెరిచి చూశాను.
హాడక్ మూడొందల పన్నెండు కిలోలు,
ఏడో గంట తుపాను రాత్రిది.
తర్వాతి వరుస సగంలో తెగిపోయింది.
ఆ పడవ వచ్చిందో లేదో ఫైలుకి తెలీదు.
నాకు తెలుసు, వచ్చింది.
మూసేశాను.
ఎంటర్ మీద వేలు పెట్టి
పేరు మరోసారి చదివాను.
మరోసారి.

నాలుగింటికి గంట మోగింది, వేలం మొదలైంది.
మొదటి పెట్టె ఎయిడ్‌ఫిన్‌దే.

ఆరింటికి ఫోన్ చేశాను.
గాలి హోరులో హానుస్ గొంతు.
ఊడ్చావా?
ఊడ్చాను.
కాసేపు గాలి ఒక్కటే మాట్లాడింది.
ఇల్లు ఉందా?
ఉంది హానుస్, ఉంది.
మంచిది, ఉండు, ఒక గొర్రె తక్కువొస్తోంది,
మళ్లీ మొదట్నుంచి లెక్కపెట్టాలి.