తొమ్మిదో నంబరు

ఏప్రిల్లో కాలువలు కట్టేశాక
బెజవాడ అడుగు బయటపడుతుంది.
జత లేని చెప్పులు, వినాయకుడి చెయ్యి,
ఎవరింటిదో కుక్కర్ మూత.
ఈసారి పొక్లెయిన్
ఏలూరు కాలువ వంతెన కింద ఇంకో మూరెడు లోతుకి దిగింది.
ముందు హ్యాండిలు లేచింది.
తర్వాత, బురద కారుకుంటూ, సైకిలు.

జనం పిట్టగోడ మీద వాలి చూస్తున్నారు.
నేనూ స్కూటరు ఆపాను.
కడుపులో ఎక్కడో చైను జారింది.

కాశింవలి కొట్లో అద్దె సైకిళ్ళు పదిహేను.
గంటకి ముప్పావలా.
సీటు అందని రోజుల్లో
కడ్డీ కింద నుంచి కాలు దూర్చి కత్తెర తొక్కుడు.
డబుల్స్ వెళ్తుంటే పోలీసు కనపడగానే
వెనకవాడు దూకి, మనకి తెలీనట్టు నడిచేవాడు.
గట్టు మీద, తూము దాకా, చేతులొదిలేసే పందెం.
జోజిబాబు రెండు చేతులూ వదిలి
దువ్వెన తీసి పాపిడి తీసుకుంటూ పోయేవాడు.

ఒకరోజు నేనూ దువ్వెన తీశాను.
అంతే.
దువ్వెన చేతిలో ఉంది, సైకిలు లేదు.

"సినిమాహాలు దగ్గర ఎవరో ఎత్తుకుపోయారు" అన్నాను,
తడి నిక్కరుతో.
కాశింవలి నిక్కరు వంక చూశాడు.
పుస్తకంలో తొమ్మిదో నంబరుకెదురుగా
తీసుకెళ్ళిన టైము నాలుగుంబావు.
తెచ్చిన టైము గడి ఖాళీ.
ఏమీ అనలేదు. టబ్బులో ట్యూబు ముంచి
బుడగ కోసం వెతుక్కున్నాడు.

ముప్పైయేళ్ళు
పంక్చరు పడితే రెండు వీధులు చుట్టు తిరిగి
బండి తోసుకుంటూ ఇంకో కొట్టుకి వెళ్ళాను.

ఇవాళ ఆయనే వచ్చాడు, లుంగీ ఎగ్గట్టి,
కళ్ళజోడు తాడుకి వేలాడుతూ.
మడ్గార్డు మీది బురద బొటనవేలితో గీరాడు.
ఎర్ర పెయింటు. ఆయన చేతిరాతే.
నేను జేబు తడుముకుంటున్నాను.
ముప్పావలా ఇప్పుడెవరి దగ్గరుంటుంది?

"పన్నెండు" అన్నాడు, నా వైపు చూడకుండానే.
"ఇది నీది కాదులే.
ఇది రైల్వేస్టేషన్లో పోయిందని చెప్పాడు
ఇంకో పెద్దమనిషి."

బెల్లు నొక్కాడు. మోగలేదు.
మూత విప్పితే లోపల బతికున్న నత్త.
దాన్ని ఒక పడియలోకి వదిలి,
చెయ్యి లుంగీకి తుడుచుకుని,
పొక్లెయిన్ డ్రైవర్ని కేకేశాడు:

"ఇంకాస్త అటు తవ్వు బాబూ.
తూము వైపు."