తిరగేసి అతికిన ముక్క

రాత్రి తొమ్మిదిన్నర. మద్దిలపాలెం మలుపులో
ఆఖరి సిటీ బస్సు గేరు మారుస్తున్న చప్పుడు.
తెరమీద రెండు నిలువు కడ్డీలు:
ఎడమన వరి, కుడిన చోడి.
ఇక్కడున్న గుర్తు
అక్కడ ఏ అంతస్తులో ఉందో వెతికి
నడుమ సన్నని గీత లాగడం,
అంతే నా ప్రోగ్రాం చేసే పని.
ఉప్పుగాలికి కీబోర్డులో ఆరో అంకె పట్టేస్తుంది,
రెండుసార్లు గట్టిగా కొట్టాలి.

ఈ పటంలో దూరం మైళ్ళలో ఉండదు.
పక్కపక్కనే ఉన్నవాళ్ళు
తరం మారేటప్పుడు ఎన్నిసార్లు విడిపోతారో
ఆ లెక్కే దూరం.
నూటికి ఒకసారైతే ఒక సెంటీమోర్గాన్.
భానోజీ సార్ ఇది చెప్పిన రోజు
బస్సెక్కకుండా నడిచే వెళ్ళాను,
నాకెవరు ఎంత దూరమో లెక్కేసుకుంటూ.
సిరిపురం వచ్చేసరికి ఆపేశాను.

చోడి గింజలు పెదబయలు నుంచి వచ్చాయి.
పాంగి సుబ్బి కట్టిన కాగితం పొట్లం,
దానిమీద ఎవరో పెన్సిల్‌తో రాసిపెట్టారు:
కొండ చోడి. తొందరగా కోతకొస్తది.

ఏడో కడ్డీ దగ్గర మొదలైంది.
పై గీతలు తిన్నగా, కింది గీతలు తిన్నగా,
నడుమ పద్నాలుగు మాత్రం
ఒకదానిమీదొకటి ఎక్కి
నడుం బిగించి కట్టిన గడ్డిమోపులా.

నా తప్పే అనుకున్నాను.
మూడు వారాలు.
లూపులు విప్పాను, మళ్ళీ కట్టాను.
"తిప్పు" అని ఒక బొత్తాం పెట్టాను,
నొక్కితే కడ్డీ తలకిందులు.
నడుము చక్కబడింది,
పైనా కిందా అడ్డం తిరిగాయి.
మళ్ళీ నొక్కాను.
మళ్ళీ మోపు.

వాచ్‌మన్ గరికిన పోలయ్య టీ తెచ్చి
నా వెనకే నిలబడిపోయాడు.
హార్బర్లో ముప్ఫై ఏళ్ళు వలలు అల్లిన చేతులు.
"ఏటి పాపా, సిక్కనుకుంటన్నావేటి?
సిక్కయితే ముడులు ఎలాపడితే అలా పడతాయి.
ఇక్కడ ముడెనక ముడి, వరస తప్పనేదు.
ముక్క తెగిపోయి
తిరగేసి అతుక్కున్నాది, అంతే."
టీలో చక్కెర ఎక్కువైంది. చెప్పలేదు.

పొద్దున్న భానోజీ సార్ చాలాసేపు చూశారు.
కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు.
"ఇంకో రెండొందల మొక్కలు పెంచి చూడాలి,"
అని మాత్రం అన్నారు.

ఎప్పుడో, ఏ పువ్వు లోపలో,
ఒక ముక్క తెగి వెల్లకిలా పడి
ఎవరికీ చెప్పకుండా కాపు కాసింది.
ఏటా ఎవరో దాన్ని కోసి, దంచి, అంబలి కాచి తాగారు.
నేను దాన్ని దిద్దబోయాను.

దిద్దుబాటు వరసలన్నీ చెరిపేశాను.
బొత్తాం ఉంచాను.

ఇంకొకటుంది.
చోడి కడ్డీ అడుగున ఒక గుర్తుకు గీత లేదు.
మౌసు పెడితే నంబరు వెలుగుతుంది: 211.
ఎదురుగా వరిలో ఖాళీ.
ఇదైనా నా తప్పేమోనని
కోడ్ తెరవబోయి
చెయ్యి వెనక్కి తీసుకున్నాను.